‘మీ మావయ్య ఇంకా రాలేదేం?’

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి మా ఇంట్లో ఆ ప్రశ్న మొదలవుతుంది.

"అమ్మాయ్, మీ మావయ్య ఇంకా రాలేదేం? లైబ్రరీ మూసేసే వేళయిందిగా!" వీధి గుమ్మం వైపు చూస్తూ అడుగుతారు మా అత్తయ్య. "వస్తారు లెండి అత్తయ్యా" అంటాను, స్టవ్ మీద పాలు పెడుతూ. ఆ పాలు పొంగేలోగా మళ్లీ అదే ప్రశ్న. అదే గొంతు, అదే కంగారు. ఏడు గంటల్లోపు పదిసార్లో, పన్నెండుసార్లో... లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

మా మావయ్యగారు 2020 ఫిబ్రవరిలో పోయారు.

ఇది చదివి "అయ్యో పాపం, ముసలితనం, మతిమరుపు" అనుకుంటారేమో. అది కాదు. 2018 వానాకాలంలో అత్తయ్యకి జ్వరం వచ్చింది. అప్పటికి ఆవిడకి అరవై ఒకటి. మామూలు జ్వరమే అనుకుని రెండు రోజులు మాత్రలు వేశాం. మూడోరోజు మాట తడబడింది. నాలుగోరోజు ఫిట్స్. గుంటూరు తీసుకువెళ్తే హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు అన్నారు. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాక ప్రాణం దక్కింది. ఇంటికొచ్చి అందర్నీ పేరుపేరునా పలకరించారు. ఆవకాయకి ఎన్ని కాయలకి ఎంత కారం, ఎంత ఆవపిండి అని అడిగితే తడుముకోకుండా చెప్పారు. మేం సంతోషంగా మొక్కులు కూడా తీర్చుకున్నాం.

తేడా తెలియడానికి వారం పట్టింది. పొద్దున వచ్చి గంటసేపు కూర్చుని వెళ్లిన పక్కింటి పిన్నిగారు మధ్యాహ్నం మళ్లీ వస్తే, "రా రా, ఎన్నాళ్లయిందే నిన్ను చూసి!" అన్నారు అత్తయ్య. అందరం నవ్వాం. మర్నాడూ అలాగే అన్నారు. అప్పుడు నవ్వు రాలేదు.

చుట్టాలు "గజనీ సినిమాలో సూర్యలాగా అన్నమాట" అని తేల్చేశారు. మావారేమో డాక్టర్ల చుట్టూ తిరిగారు. ఇక నా సంగతి... దాచుకోకుండా చెబుతున్నాను, ఆర్నెల్ల పాటు నేను నమ్మలేదు. నమ్మడం ఎలాగ మరి? నా పెళ్లిలో మా పుట్టింటివాళ్లు పెట్టిన సారెలో ఏమేం తక్కువయ్యాయో ఆవిడకి వరసతో సహా గుర్తుంది. పొద్దున తిన్న ఉప్మా మాత్రం గుర్తులేదట! నన్ను సాధించడానికే ఇదంతా అనుకున్నాను. "ఇందాకే చెప్పానుగా అత్తయ్యా!" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ మాటకి ఆవిడ తెల్లబోయి చూసిన చూపు ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

పరిస్థితి ముదిరింది అన్నం దగ్గర. పన్నెండున్నరకి కూరా, పప్పూ, పెరుగుతో తృప్తిగా భోంచేసి, ఒంటిగంటకి వరండాలోకి వెళ్లి "మా కోడలు నాకింకా అన్నం పెట్టలేదు" అని వచ్చేపోయే వాళ్లతో చెప్పేవారు. మన ఊళ్లల్లో ఒక కోడలికి అంతకంటే అప్రతిష్ఠ ఇంకేముంటుంది చెప్పండి? ఒకరోజు ఎదురింటావిడ మూతపెట్టిన గిన్నెతో పులిహోర తెచ్చి, నాతో మాటైనా మాట్లాడకుండా నేరుగా అత్తయ్య చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ రాత్రి నేను ఏడ్చిన ఏడుపు మావారికి తెలుసు.

ఆ తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు న్యూరాలజీ డాక్టరుగారి ముందు ఇదంతా వెళ్లగక్కాను. ఆయన ఓపిగ్గా విని, "మీరు చదువుకున్నవారు కదా, హెన్రీ మొలేసన్ గురించి చదవండి. అప్పుడు మీ అత్తగారు అర్థమవుతారు" అన్నారు. డిగ్రీలో నేను చదివింది చరిత్ర. ఏదో కథలు రాసుకునేదాన్ని, మెదడు సంగతి నాకేం తెలుసు? అయినా చదివాను. దొరికిందల్లా చదివాను.

హార్ట్‌ఫర్డ్‌లో ఒక తల్లీకొడుకూ

హెన్రీ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1926లో పుట్టాడు. ఒక్కడే కొడుకు. పదేళ్ల వయసు నుంచి మూర్ఛ. ఇరవై ఏడేళ్లు వచ్చేసరికి రోజుకి పదిసార్లు చిన్న ఫిట్స్, వారానికోసారి పెద్దది. మందులకి లొంగలేదు, ఉద్యోగం చేయలేకపోయాడు. 1953 ఆగస్టులో హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రిలో విలియం స్కోవిల్ అనే సర్జన్ అతనికి ఆపరేషన్ చేశారు. రెండు కణతల వెనకాల మెదడు లోపలి భాగాన్ని రెండు వైపులా తీసేశారు. అందులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ముఖ్యమైనది. సముద్రపు గుర్రం అనే చేపలా వంకరగా ఉంటుందని దానికాపేరు. అది ఏం పని చేస్తుందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. తీసేశాకే తెలిసింది!

ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి హెన్రీ మనసులో కొత్త జ్ఞాపకమన్నది నిలవలేదు. అలా యాభై అయిదేళ్లు బతికాడు. ఆ సర్జనే తర్వాత, ఇలా రెండు వైపులా తీసేసే ఆపరేషన్ ఇంకెవరూ చేయవద్దని తోటి డాక్టర్లను హెచ్చరించారు.

హెన్రీని శాస్త్రానికి పరిచయం చేసింది ఒక స్త్రీ. కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేస్తున్న బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాత్రి రైలెక్కి హార్ట్‌ఫర్డ్ వచ్చేవారు, అతన్ని పరీక్షించడానికి. ఏప్రిల్ 1955లో ఆమె తేదీ అడిగితే హెన్రీ మార్చి 1953 అన్నాడు, వయసు ఇరవై ఏడన్నాడు. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిది. తెలివితేటల పరీక్షలో మాత్రం 112 వచ్చింది, అంటే మామూలు వాళ్లకంటే కాస్త ఎక్కువే. ఆపరేషన్‌కి ముందు వచ్చింది 104. తెలివి చెక్కుచెదరలేదు, మాట పోలేదు, మర్యాద పోలేదు. జ్ఞాపకం ఒక్కటే నిలవడం లేదు. స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో ఇదంతా ప్రచురించారు. అతని పేరు బయటపెట్టకుండా ‘హెచ్.ఎం.’ అని రాశారు. 2008లో అతను పోయేదాకా లోకానికి ఆ రెండక్షరాలే తెలుసు.

ఈ పరీక్షల సంగతి కంటే నన్ను పట్టుకున్నది వాళ్లమ్మ ఎలిజబెత్. ఇంట్లో పచ్చిక కోసే పని హెన్రీది, చక్కగా కోసేవాడు. కానీ ఆ యంత్రం ఎక్కడుందో ప్రతిసారీ తల్లి చెప్పాల్సిందే. నిన్ననే వాడి పెట్టినా సరే! చదివిన పత్రికలే మళ్లీ మళ్లీ చదివేవాడు, ఎప్పటికప్పుడు కొత్తవాటిలాగే. పజిల్ ముక్కలు అవే మళ్లీ పేర్చేవాడు. ఇవన్నీ డాక్టర్లకు చెప్పింది తల్లే. శాస్త్రవేత్తలు వచ్చి, రాసుకుని, రైలెక్కి వెళ్లిపోయారు. యంత్రం ఎక్కడుందో మర్నాడు చెప్పడానికి మిగిలింది ఆవిడే. పేరున్న వ్యాసాలన్నిటిలోనూ ఆవిడకి దక్కింది రెండు మూడు వాక్యాలు. నాకైతే ఆవిడతో కూర్చుని ఒక పూట మాట్లాడాలనిపించింది.

తోడు వేయని పాలు

ఇదంతా నేను మా ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పానో తెలుసా? పాలతో. పాలు ఎంత చిక్కగా ఉన్నా, ఎంత బాగా కాచినా, తోడు వేయకపోతే పెరుగు కావు కదా? అత్తయ్య చెవిన పడ్డ మాట నిజంగానే వినిపిస్తుంది, పూర్తిగా అర్థమవుతుంది, జవాబు కూడా సరిగ్గా చెబుతారు. కానీ తోడుకోదు. ఎప్పుడో పెళ్లినాటివి, పిల్లలు పుట్టిననాటివి గడ్డపెరుగులా గట్టిగా ఉన్నాయి, వాటికేం కాలేదు. నా సారె గొడవ ఆ పాత కుండలోది, ఉప్మా ఇవాళ్టి పాలలోది. ఇది అర్థమయ్యాక ఆవిడ మీద నా కోపం సగం పోయింది. (మిగతా సగం సారె మీద కోపం, అది వేరే సంగతి!)

గజనీ సినిమాలో చూపించినట్టు పదిహేను నిమిషాలకి గడియారం మోగినట్టు మర్చిపోవడమూ కాదు. మనసు మళ్లనంతసేపూ విషయం ఉంటుంది. మిల్నర్ ఒకసారి హెన్రీకి 584 అనే అంకె చెప్పి గుర్తుంచుకోమన్నారు. పావుగంట తర్వాత అడిగితే టక్కున చెప్పాడు. ఎలా గుర్తుంచుకున్నావంటే, 5, 8, 4 కలిపితే 17, అందులో 8 పోతే 9, దాన్ని రెండుగా విడదీస్తే 5, 4 అని లోపల తిప్పుకుంటూనే ఉన్నానన్నాడు. నిమిషం తర్వాత ఆ అంకే కాదు, ఒక అంకె గుర్తుపెట్టుకోమన్నారన్న సంగతి కూడా లేదు. మా అత్తయ్య కూడా అంతే. ఆవిడతో పది నిమిషాలు ఒకే విషయం మాట్లాడితే ఎవరికీ జబ్బని తెలియదు. మధ్యలో కుక్కర్ కూత వేసిందా... అయిపోయింది, మళ్లీ మొదటికి.

అన్నం గొడవకి జవాబు కూడా హెన్రీ దగ్గరే దొరికింది. 1985లో వచ్చిన ఒక పరిశోధనలో చదివాను. హెన్రీకి కడుపునిండా భోజనం పెట్టి, పళ్లెం తీసేసి, నిమిషం ఆగి ఇంకో నిండు పళ్లెం పెట్టారట. మామూలు వేగంతో దాదాపు అంతా తినేశాడు, పచ్చికూరల సలాడ్ ఒక్కటే మిగిల్చాడు. ఆకలి ఎంతుందని అడిగితే తినకముందూ, తిన్నాకా ఒకే జవాబు. కడుపు నిండిందో లేదో చెప్పే భాగం కూడా అతనికి దెబ్బతిని ఉండొచ్చని డాక్టర్లు అనుకున్నారు. మనం కూడా అన్నం తిన్నామన్న సంగతి కడుపుతో పాటు జ్ఞాపకంతో కూడా తెలుసుకుంటామన్నమాట!

మర్నాటి నుంచి అత్తయ్య భోంచేశాక కంచం తీయడం మానేశాను. "ఆకలేస్తోందే" అనగానే, "మీ కంచం చూడండి అత్తయ్యా" అంటాను. చారు మరకలు, కరివేపాకు రెబ్బ, ముక్క తీసేసిన మునక్కాడ తొక్కలు చూసి "తిన్నట్టున్నానే!" అని ఆవిడే నవ్వుతారు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో "ఎంగిలి కంచం ఎండనివ్వకూడదే, దరిద్రం" అని నేర్పింది ఈవిడే. "ఎండిపోతోంది, తీసెయ్" అని ఇప్పుడూ అంటారు. రెండు గంటల దాకా తీయను. పులిహోర తెచ్చిన ఎదురింటావిడకి కూడా పిలిచి ఆ కంచం చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "మా నాన్నగారు చివర్లో ఇలాగే అనేవారు, మా వదిన్ని నానా మాటలూ అన్నాం" అంది.

ఒక సంగతి చెప్పాలి. చాలామంది ఇళ్లల్లో పెద్దవాళ్లకి వచ్చే అల్జీమర్స్‌లో కూడా మొదట దెబ్బతినేవాటిలో ఈ హిప్పోకాంపస్ ఉంటుంది. పాతవన్నీ చెబుతూ, నిన్నటివి మర్చిపోవడం అందుకే. కాకపోతే ఆ జబ్బు రానురాను ముదిరి మిగతా శక్తులనీ తీసుకుపోతుంది. మా అత్తయ్యది, హెన్రీది అలా కాదు, ఒకచోట ఆగిన గాయం. ఏది ఏదో డాక్టరే చెప్పాలి. ఇలాంటి మార్పు కనిపిస్తే ‘వయసు’ అని ఊరుకోకుండా చూపించండి. జ్వరంతో పాటు మాట తడబడినా, మనిషి వింతగా ప్రవర్తించినా మేం ఆగినట్టు నాలుగోరోజు దాకా ఆగకండి. ఆ జ్వరంలో ప్రతి పూటా లెక్కే.

చేతికి గుర్తుంటుంది

మిల్నర్ హెన్రీకి ఒక పరీక్ష పెట్టారు. కాగితం మీద రెండు గీతల నక్షత్రం. ఆ గీతల మధ్య పెన్సిల్‌తో గీసుకుంటూ పోవాలి, కానీ చేతిని నేరుగా కాదు, అద్దంలో చూస్తూ. అద్దంలో చూసుకుంటూ జడలో వెనక పిన్ను పెట్టుకోబోతే చెయ్యి ఎటో పోతుంది చూశారూ, అలా ఉంటుందది. మూడు రోజులపాటు గీయించారు. రోజురోజుకీ తప్పులు తగ్గాయి, చివరికి చక్కగా గీశాడు. విచిత్రమేమిటంటే ఆ కాగితం, ఆ అద్దం తను ఇంతకుముందు చూసినట్టే అతనికి తెలియదు! కష్టమనుకున్నాను, బాగానే వచ్చిందే అని తనే ఆశ్చర్యపోయాడట. జ్ఞాపకమన్నది ఒకటి కాదు, రకరకాలు, వాటి చోట్లూ వేరు అని లోకానికి తెలిసింది ఆ నక్షత్రంతోనే.

2022లో మేం పాత ఇల్లు వదిలి అపార్ట్‌మెంట్‌కి మారాం. అత్తయ్యకి అది తన ఇల్లని తెలియదు. "ఎవరింటికొచ్చామే? పెందలాడే వెళ్లిపోదాం, మీ మావయ్య ఎదురుచూస్తారు" అంటారు ఇప్పటికీ. కానీ అర్ధరాత్రి లేచి లైటు వేయకుండా నేరుగా బాత్రూమ్‌కి నడిచి వెళ్లి వచ్చేస్తారు. కొత్తలో నాలుగైదు నెలలు నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. తర్వాత ఆ కాళ్లే నేర్చుకున్నాయి. హెన్రీ కూడా ఆపరేషన్ అయిన అయిదేళ్లకి మారిన ఇంటి నమూనా, ఏ గది ఎక్కడుందో, గీసి చూపించాడట. ఏళ్ల తరబడి రోజూ తిరగగా తిరగగా పట్టుబడింది.

మా ఆడపడుచు కూతురు అత్తయ్యకి క్రోషేలో కొత్త అల్లిక ఒకటి నేర్పింది. "నాకిది రాదే" అంటూనే మొదలుపెడతారు. వేళ్లు మాత్రం వాటి పాటికి అవి పోతుంటాయి. "ఎవరు నేర్పారో నీకు, బాగుందే!" అని నన్ను మెచ్చుకుంటారు. అది అల్లింది తనేనంటే నమ్మరు. ఇంట్లో అందరి దిండ్లకీ ఇప్పుడు ఆ అల్లికే.

మావాడు కూడా తక్కువ తినలేదు. నానమ్మ దగ్గర ఐస్‌క్రీమ్‌కి ఒకే మధ్యాహ్నం మూడుసార్లు పదేసి రూపాయలు వసూలు చేశాడు. ప్రతిసారీ ఆవిడ ముద్దు పెట్టుకుని మరీ ఇచ్చారు. వాడికి నాలుగు తగిలించాను. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది... మూడుసార్లు ఇచ్చిన ఆనందం మూడుసార్లూ నిజమేగా!

మనసులో మిగిలేది

స్విట్జర్లాండ్‌లో క్లాపరేడ్ అనే డాక్టరుండేవారు. ఆయన దగ్గర కొత్త జ్ఞాపకాలు నిలవని ఒక స్త్రీ ఉండేది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమెతో కరచాలనం చేశాడు. ఆ బాధ కాసేపటికే మర్చిపోయింది. కానీ ఆ తర్వాత ఆయన చెయ్యి చాచగానే ఆమె తన చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఎందుకని అడిగితే సూది సంగతి చెప్పలేకపోయింది. ఇది ఆయన 1911లో రాశారు. డాక్టరు చేసిన పని నాకు నచ్చలేదు. అయినా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే జరిగింది. అత్తయ్యకి తోడుగా ఒకామెను పెట్టాం. నేను లేనప్పుడు ఆమె గద్దించేదని ఆలస్యంగా తెలిసింది. ఆమె ఎవరో, ఏమందో అత్తయ్యకి ఏమీ గుర్తులేదు. కానీ ఆమె గదిలోకి రాగానే కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకునేవారు.

2010లో అమెరికాలోని అయోవాలో ఇలాంటి అయిదుగురికి విషాద దృశ్యాలు, సరదా దృశ్యాలు చూపించి చూశారు. ఏం చూశారో మర్చిపోయారు కానీ, ఆ దిగులూ ఆ సంతోషమూ మాత్రం దానికంటే ఎక్కువసేపు నిలిచాయి. ఇది చదివినరోజున నేను విసుక్కున్న ఆర్నెల్లూ కళ్లముందు తిరిగాయి. నేనన్న మాటలు ఆవిడ మర్చిపోయారు కాబట్టి ఫరవాలేదనుకున్నాను ఇన్నాళ్లూ. కారణం తెలియని దిగులు ఎంతసేపు మోశారో!

ఇక మావయ్యగారి సంగతి. గుండెపోటుతో పోయినరోజు పొద్దున అత్తయ్యకి చెప్పాం. గుండెలు బాదుకుని ఏడ్చారు. చుట్టాలొస్తున్నారని గదిలో పడుకోబెట్టాం. లేచి వచ్చి, "ఇంతమంది వచ్చారేమిటే? మీ మావయ్య ఏరి?" అన్నారు. మళ్లీ చెప్పాం. మళ్లీ అదే ఏడుపు, అంతే కొత్తగా. ఆ రోజు నాలుగుసార్లు అలా జరిగింది. అయిదోసారి అడిగినప్పుడు మావారు చెప్పలేక బయటికి వెళ్లిపోయారు.

హెన్రీకి ఇష్టమైన మావయ్య ఒకాయన ఉండేవాడట. ఆయన పోయాడని చెబితే విలవిల్లాడాడు. తర్వాత మర్చిపోయి, ఆయన ఎప్పుడొస్తాడని అడిగేవాడు. చెప్పినప్పుడల్లా మొదటిసారి విన్నట్టే అంత బాధా పడేవాడు, ఏమాత్రం అలవాటు పడకుండా. మిల్నర్ రాసిన ఆ సంగతి చదివాక ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను.

పదోరోజున బొట్టు తీసే దగ్గర పెద్ద రభస జరిగింది. "రోజూ అద్దంలో చూసుకుంటుంది. చూసిన ప్రతిసారీ ఆవిడకి ఆ రోజే పోయినట్టు కదా. రోజుకోసారి విధవని చేస్తామా?" అన్నాను. నా గొంతు అంత గట్టిగా లేవడం నాకే కొత్త. పెద్దత్తయ్యగారు ఆచారం అన్నారు, ఊరు నవ్వుతుందన్నారు. చివరికి మావారే అడ్డుపడ్డారు. అత్తయ్య బొట్టూ, గాజులూ అలాగే ఉన్నాయి. దండ వేసిన ఫొటో నా బీరువాలో ఉంది. పెళ్లిళ్లల్లో కొందరు ఆవిణ్ని తప్పించుకుని పక్కకి జరగడం చూస్తూనే ఉంటాను. ఆవిడ చూడరు, చూసినా నిలవదు. ఆ ఒక్క విషయంలో ఆ జబ్బే నయమనిపిస్తుంది.

కానీ మా ఆడపడుచు ఒప్పుకోలేదు. "వదినా, నాన్న పోయారన్న సంగతి తెలుసుకునే హక్కు అమ్మకి లేదా? రోజూ వస్తారు వస్తారంటూ పసిపిల్లలాగా మభ్యపెడతారా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే హెన్రీ కథలోనే ఇంకో సంగతుంది. 1960లలో అతని తండ్రి పోయాడు. కొంతకాలానికి, ఎవరూ ఊహించని విధంగా, తండ్రి లేడన్న స్పృహ అతనిలో మసకగా ఏర్పడింది. తండ్రి పోయాడనీ, తల్లి నర్సింగ్ హోమ్‌లో బాగానే ఉందనీ గుర్తుచేసే చీటీలు పర్సులో పెట్టుకుని తిరిగేవాడట. 1962 నుంచి చివరిదాకా అతనితో పనిచేసి, 2013లో అతని మీద పుస్తకం రాసిన సుజాన్ కోర్కిన్ ఈ సంగతి చెప్పారు. నలభై ఆరేళ్ల పరిచయం తర్వాత కూడా ఆమె ఎవరో అతనికి తెలియదు. హైస్కూల్లో కలిసి చదువుకున్నామనుకునేవాడు, అంతే. అంటే ఆ మొహం ఎరిగినదేనన్న భావం ఎక్కడో మిగిలిందన్నమాట.

చీటీ సంగతి చెప్పి నేను తప్పు చేశానో, మంచి చేశానో. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఆడపడుచు తన చేత్తో రాసి అత్తయ్య పర్సులో పెట్టింది: ‘నాన్నగారు 2020లో పోయారమ్మా. నిద్రలోనే, బాధ లేకుండా. మేమంతా నీ దగ్గరే ఉన్నాం.’

రెండోరోజు అత్తయ్య ఆ చీటీ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. నా గుండె ఆగినంత పనైంది. ఆవిడ ఏడవలేదు. పీట వాల్చుకుని కూర్చుని, "ఎప్పుడే ఇది?" అన్నారు. చెప్పాను. "నేనున్నానా అప్పుడు?" "ఉన్నారత్తయ్యా, పక్కనే ఉన్నారు." చిక్కుడుకాయల పళ్లెం దగ్గరికి లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు. కాయలన్నీ అయ్యేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత చీటీ నాలుగు మడతలు పెట్టి పర్సులోనే పెట్టుకున్నారు. దాన్ని తీసెయ్యాలా ఉంచాలా అని మావారూ నేనూ ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాం. కొన్ని రోజులు ఆవిడ పర్సు తెరుస్తారు. కొన్ని రోజులు తెరవరు.

తెరవని రోజుల్లో ఆరున్నరకి ప్రశ్న మామూలే. ఇప్పుడు నేను ‘వస్తారు’ అనడం లేదు, ‘పోయారు’ అనీ అనడం లేదు. "మావయ్యగారు లైబ్రరీలో ముందు ఏ పేజీ చూస్తారత్తయ్యా?" అంటాను. "ఆటల పేజీ! పైకి మాత్రం సంపాదకీయం అంటారు" అని మొదలుపెడతారు. పెళ్లైన కొత్తలో రేడియో దగ్గర క్రికెట్ కామెంటరీ కోసం ఆయన అన్నం మానేసిన సంగతి, మా ఆడపడుచు పుట్టినరోజున ఊళ్లో లేకపోయిన సంగతి... అరగంట సాగుతుంది. నాకు మావయ్యగారు ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ తెలుసు.

ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, నా మొహంలోకి చూసి, "ఇందాక నేనేమన్నా తప్పుగా మాట్లాడానా అమ్మాయ్?" అని అడుగుతారు. హెన్రీ కూడా పరీక్షల మధ్య అచ్చం ఇలాగే అడిగేవాడట. ఈ క్షణం అంతా తేటగానే ఉంటుంది, దీని ముందు క్షణంలో ఏం చేశానో, ఏమన్నానో తెలియదు, అదే తన బెంగ అని.

"ఏమీ అనలేదత్తయ్యా. రేడియో సంగతి చెబుతున్నారు" అంటాను.

"ఆఁ, రేడియో! మర్ఫీ రేడియో..." అని ఆవిడ మళ్లీ మొదలుపెడతారు. ఈలోగా పాలు పొంగుతాయి.